తప్పిపోని గొడ్డు

ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో నాకు 'జెన్ ఫ్లెష్, జెన్ బోన్స్' దొరికింది. పాల్ రెప్స్, న్యొగెన్ సెంజకి కలిసి తెచ్చిన పుస్తకం, 1957 నాటిది. నాకు దొరికింది చాలా తర్వాతి ముద్రణ, అట్ట చిరిగి, లోపల ఎవరిదో పేరు పెన్నుతో కొట్టేసి ఉంది. అందులోని కథలు చాలావరకు వాట్సాప్‌లో తిరిగి తిరిగి అరిగిపోయినవే. అవి దాటేసి పేజీలు తిప్పుతుంటే పది చెక్కముద్ర బొమ్మలు కనపడ్డాయి, తొకురికి అనే జపాన్ చిత్రకారుడు చేసినవి. ఒక కుర్రాడు, ఒక పశువు.

కుర్రాడు పశువు కోసం వెతుకుతాడు. గిట్టల జాడ కనపడుతుంది. తర్వాత పశువు కనపడుతుంది. పట్టుకుంటాడు, పెనుగులాడతాడు, మచ్చిక చేసుకుంటాడు, దాని వీపు మీద కూర్చుని ఇంటికొస్తాడు. ఇంతవరకూ ఆరు బొమ్మలు, ఎవరైనా ఊహించగలిగే కథ. ఏడో బొమ్మలో పశువు లేదు, కుర్రాడొక్కడే ఉన్నాడు. ఎనిమిదో దాంట్లో కుర్రాడూ లేడు, ఉత్త వలయం. తొమ్మిదిలో చెట్టు పూసింది, నీళ్లు పారుతున్నాయి, చూసే మనిషి లేడు. పదిలో పొట్ట బయటికేసుకుని నవ్వుతూ ఒకాయన బజార్లోకి వస్తున్నాడు.

పన్నెండో శతాబ్దపు చైనాలో కువోఆన్ అనే చాన్ గురువు కూర్చిన వరస ఇది. చాన్ అంటే మన 'ధ్యాన' శబ్దమే, చైనాలో అరిగి చాన్ అయింది, జపాన్ వెళ్లి జెన్ అయింది. ప్రతి బొమ్మకూ ఒక చిన్న పీఠిక, ఒక పద్యం. జపాన్‌లో ఇది ఎంత పేరు తెచ్చుకుందంటే, పదిహేనో శతాబ్దంలో షూబున్ గీశాడని చెప్పే బొమ్మల సెట్టు క్యోటోలోని షోకోకుజి మఠంలో ఇప్పటికీ ఉంది. సుజుకి దీన్ని ఇంగ్లీషు పాఠకుల ముందు పెట్టాడు. ఓషో 1976లో పుణెలో దీని మీద వరసగా ఉపన్యాసాలిచ్చాడు. క్యాట్ స్టీవెన్స్ 1972 నాటి ఆల్బమ్‌కి నాలుగో బొమ్మ పేరే పెట్టుకున్నాడు. ఇంతమంది మాట్లాడాక మళ్లీ మనమెందుకు అంటే, వీళ్లలో చాలామంది దీన్ని ఒక మ్యాపులా చదివారు. ధ్యానంలో కూర్చున్న మనిషి తనని తాను తెలుసుకునే క్రమంలో వచ్చే పది మెట్లు ఇవీ అని. నేనూ అలాగే చదివాను. చదివి బాగా దెబ్బతిన్నాను. అందుకే ఈ వ్యాసం.

*

ముందు పశువు సంగతి తేల్చుకోవాలి. ఇంగ్లీషులో ఒకరు ఆక్స్ అన్నారు, ఇంకొకరు బుల్ అన్నారు. చైనీస్ మూలంలో ఉన్నది 'న్యూ'. దానికి లింగం లేదు, జాతి లేదు. ఆవు, ఎద్దు, గేదె, దున్న, ఏదైనా కావచ్చు. దక్షిణ చైనాలో వరిపొలాలు దున్నేది ఎక్కువగా దున్నలే కాబట్టి ఇదీ దున్నే అయ్యుండొచ్చని కొందరంటారు. ఇంగ్లీషువాడికి ఇదొక సమస్య. మనకి కాదు, మన దగ్గర 'గొడ్డు' ఉంది. గొడ్ల సావిడి, గొడ్లకాడి పిల్లోడు అన్నప్పుడు అది ఆవో గేదో ఎవరూ అడగరు.

కానీ 'ఎద్దు' అనగానే తెలుగు చెవికి నంది వినపడతాడు, 'ఆవు' అనగానే ఇంకేదో రాజకీయం వినపడుతుంది. 'దున్నపోతు' అంటే తిట్టు, యముడి వాహనం, జాతర్లో బలి. మనసుకి పోలిక ఏది? ధ్యానం పుస్తకాలు తెలుగులోకి తెచ్చేవాళ్లు ఠక్కున 'వృషభం' అనేస్తారు. వృషభం అనేసరికి దానికి పేడ వాసన పోతుంది. ఆ పది బొమ్మల్లో ఉన్నది మాత్రం వాసనొచ్చే పశువే, పక్కవాడి చేలో పడి మేసే పశువు.

మా తాతయ్యకి ఫోన్లో షూబున్ బొమ్మలు చూపించాను. ఆయన నలభై ఏళ్లు గేదెల్ని సాకినవాడు, ధ్యానం అంటే టీవీలో వచ్చేదనే అనుకుంటాడు. నాలుగో బొమ్మలో పలుపు బిగదీసి ఉండటం చూసి, "ఇట్లా లాగితే పలుపు తెగుద్ది, లేదంటే ఈడి చెయ్యి తెగుద్ది" అన్నాడు. ఐదో బొమ్మ చూసి, "ఆఁ, ఇప్పుడు ముకుతాడు ఏశాడు. ఇంక కుస్తీ ఏముంటది" అన్నాడు. నేను తర్వాత వెతికి చూస్తే ఐదో బొమ్మ పీఠికలో నిజంగానే ముక్కుతాడు మాట ఉంది, గట్టిగా పట్టుకో, ఊగిసలాడకు అని. అప్పుడు తాతయ్య మొదటి బొమ్మకి వెనక్కెళ్లాడు. "వీడెందుకు తిరుగుతున్నాడు? గొడ్డు పొద్దుగూకితే అదే ఇంటికొస్తది. ఎతకబోయినోడే దారి తప్పుతాడు" అన్నాడు.

మొదటి బొమ్మకి కువోఆన్ రాసిన పీఠిక మొదలయ్యేది సరిగ్గా ఈ మాటతోనే. పశువు అసలు తప్పిపోనే లేదు, వెతకడం దేనికి, అని అడుగుతాడాయన. అడిగేసి, ఆ తర్వాత తొమ్మిది బొమ్మలు గీస్తాడు.

ఈ వైరుధ్యాన్ని చాలామంది వ్యాఖ్యాతలు ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం రచన మొత్తం అక్కడే ఉందనిపిస్తుంది. తప్పిపోనిదాన్ని వెతకడం గురించి కథ చెప్పాలంటే అబద్ధంతో మొదలుపెట్టాలి. కువోఆన్ మొదలుపెట్టాడు, కానీ అబద్ధమని మొదటి వాక్యంలోనే చెప్పేశాడు. నవలల్లో ఇలాంటి కథకుణ్ణి చూస్తే మనం మెచ్చుకుంటాం, ఇతన్ని నమ్మకూడదని మనకి తెలుసు. ధ్యానం పుస్తకంలో కనపడితే మాత్రం నమ్మేసి మెట్లు లెక్కపెట్టుకుంటాం.

*

నా లెక్క ఇలా సాగింది. కొన్నేళ్ల కిందట ఒక పది రోజుల కోర్సులో కూర్చున్నాను. మాటలుండవు, ఫోనుండదు, పుస్తకం పెన్నూ ఉండవు. తెల్లవారుజామున నాలుగింటికి గంట. నాలుగో రోజుకి శ్వాస మీద దృష్టి కాస్త నిలవసాగింది. నిలిచిన మరుక్షణం లోపల ఒక గొంతు, "ఇది మూడో బొమ్మ" అంది. ఆరో రోజు ఒళ్లంతా తేలిగ్గా, సన్నటి వాన పడుతున్నట్టుగా అయింది. గొంతు "ఐదు" అంది. రాయడానికి లేదు కాబట్టి వేళ్ల కణుపుల మీద గుర్తుపెట్టుకున్నాను. ఇంటికొచ్చాక ఫోన్లో ధ్యానం యాప్ వేసుకున్నాను. అది నలభై ఒక్క రోజులు వరసగా కూర్చున్నానని చెప్పి ఒక బ్యాడ్జి ఇచ్చింది. ఆ నలభై ఒకటో రోజు సాయంత్రం కూర్చుని ఉన్నప్పుడు అమ్మ తలుపు తీసి "పాలు పొంగుతాయేమో చూడు, నేను కిందికెళ్తున్నా" అంది. నేను ఆమె మీద అరిచిన అరుపు పక్క ఫ్లాట్‌కి వినపడింది.

నవ్వుకోడానికి బానే ఉంటుంది. కానీ ఆ గొంతు ఎవరిదన్నది నన్ను వదల్లేదు. పశువుని చూస్తున్నది కుర్రాడు. కుర్రాడు ఎన్నో బొమ్మలో ఉన్నాడో చూస్తున్నది ఎవరు? ఆ మూడోవాడికి ఈ పది బొమ్మల్లో ఎక్కడా చోటు లేదు. ఏడో బొమ్మలో పశువు పోతుంది, ఎనిమిదిలో కుర్రాడు పోతాడు, లెక్కరాసుకునేవాడు మాత్రం పుస్తకం పట్టుకుని నాలా బయటే కూర్చుని ఉంటాడు.

కువోఆన్‌కి ముందూ ఆ చుట్టుపక్కల కాలంలోనూ ఇలాంటి వరసలు ఇంకా ఉన్నాయి. చైనాలో ఎక్కువ ప్రచారంలో ఉన్నది పూమింగ్ పేరు మీది వరస. దాంట్లో పశువు నల్లగా మొదలై బొమ్మ బొమ్మకీ తెల్లబడుతూ పోతుంది. తెలుపు ముఖం దగ్గర మొదలై వెనక్కి పాకుతుంది. చివరి బొమ్మలో ఏమీ మిగలదు, వలయం. రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి చూడాలనుకునేవాళ్లకి సుజుకి 1935 నాటి 'మాన్యువల్ ఆఫ్ జెన్ బుద్ధిజం'లో రెండూ ఉన్నాయి. పూమింగ్ పశువు నాకు నచ్చలేదు. నల్లది తెల్లబడటమే బాగుపడటం అన్న ఊహ ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటనలు చూస్తూ పెరిగిన మనకి ఇంకోసారి అక్కర్లేదు. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఆ తెలుపు ఒక ప్రోగ్రెస్ బార్. నీ పశువు ఎంత శాతం తెల్లబడిందో చూసుకోమంటుంది. పైగా అక్కడ చివరి మెట్టు శూన్యం. ఎవరూ లేరు, ఏమీ లేదు, అయిపోయింది.

కువోఆన్ చేసింది, శూన్యాన్ని చివర్నించి తీసి ఎనిమిదో చోట పెట్టడం. ఈ ఒక్క సర్దుబాటుతో కథ మొత్తం మారిపోయింది.

ఇక్కడ బొమ్మల్ని బొమ్మలుగా చూడాలి. షూబున్ సెట్టులో ప్రతి దృశ్యమూ ఒక వలయంలోనే ఉంటుంది, కిటికీలోంచి చూస్తున్నట్టు. మొదటి బొమ్మ నుంచీ ఆ గుండ్రటి గీత మన కళ్ల ముందే ఉంది, కానీ మనం కుర్రాణ్ణీ పశువునీ చూస్తాం తప్ప దాన్ని చూడం. ఎనిమిదో బొమ్మలో కొత్తగా ఏమీ రాలేదు, లోపలున్నవి తీసేశారు, అంతే. శూన్యం ఎనిమిదో చోట 'చేరుకునేది' కాదు. పశువు పారిపోతున్నప్పుడూ, పలుపు తెగబోతున్నప్పుడూ అది చుట్టూ ఉంది. సంసారానికీ నిర్వాణానికీ నడుమ వెంట్రుకవాసి తేడా కూడా లేదని వాదించిన నాగార్జునుణ్ణి జెన్ వాళ్లు తమ భారతీయ గురు పరంపరలో పద్నాలుగోవాడిగా లెక్కిస్తారు. నాగార్జునకొండ పేరుతో ఆయన్ని మనవాడిగా చెప్పుకునే మనం ఆ వాదాన్ని చదివింది తక్కువ. ఎనిమిదో వలయం ఆ వాదానికి వేసిన బొమ్మ.

మెట్ల కథగా మొదలైనది ఎనిమిదో చోటికొచ్చేసరికి మెట్లని తినేస్తుంది. ఎక్కేవాడే లేకపోతే తొమ్మిది ఎవరికి తొమ్మిది?

*

ఇంతవరకూ కువోఆన్ వైపు నిలబడ్డాను. ఇప్పుడు ఆయనతో నా పేచీ.

ఈ బొమ్మల్లో భయం లేదు. నాలుగో బొమ్మలో శ్రమ ఉంది, మొండి పశువు ఉంది, చర్నాకోల ఉంది, కానీ భయం లేదు. కూర్చున్న మనిషి తనని తాను చూసుకోవడం మొదలుపెడితే చూసేదంతా పచ్చికబయలు కాదు. ఈ విషయంలో ఐదో శతాబ్దంలో శ్రీలంకలో బుద్ధఘోషుడు కూర్చిన 'విసుద్ధిమగ్గ' చాలా నిజాయితీగా ఉంటుంది. అదీ మెట్ల పుస్తకమే. కానీ అందులో అన్నీ విరిగిపోతున్నట్టు కనపడే దశ ఒకటుంది. దాని వెనకే భయం, ఆదీనవం అంటే అన్నిట్లోనూ దోషమే కనపడటం, నిర్వేదం, ఎలాగైనా బయటపడాలన్న ఆరాటం వరసగా వస్తాయి. వాటిని దాచకుండా 'జ్ఞానాలు' అనే పిలిచారు. ఇరవయ్యో శతాబ్దంలో బర్మాలో మహాసి సయాడో ఈ వరసని ఆధునిక సాధకుల కోసం మళ్లీ రాశాడు. నగరాల్లో ధ్యానం నేర్చుకునేవాళ్ల నోట 'స్టేజ్' అనే మాట ఇంతగా వినపడటంలో ఆయన పాత్ర తక్కువేం కాదు.

ఆ నిజాయితీని కూడా ఎలా వాడుకుంటారో చూశాను. నాకు బాగా తెలిసిన ఒకమ్మాయి, నాకంటే శ్రద్ధగా సాధన చేసేది, ఒక సుదీర్ఘ శిబిరంలో ఏడో రోజు నుంచి నిద్రపోలేదు. గోడలు ఊపిరి తీస్తున్నట్టు అనిపించిందట. చెయ్యి ఎత్తితే అది తనది కాదనిపించిందట. వెళ్లి చెప్పుకుంటే, "ఇదొక స్టేజ్ అమ్మా. మంచి సూచన. కూర్చో, పోతుంది" అన్నారు. కూర్చుంది. పోలేదు. ఇంటికొచ్చాక నాలుగు నెలలు డాక్టర్ మందులు వాడింది. ఆ నాలుగు నెలల్లో ఆమెని అన్నిటికంటే బాధపెట్టింది లక్షణాలు కాదు. మందులు వేసుకోవడం వల్ల మెట్టు దిగిపోయానేమో అన్న అనుమానం.

ఇది ఆమె ఒక్కదాని సంగతి కాదు. జారెడ్ లిండాల్, విలోబీ బ్రిటన్, మరికొందరు కలిసి పాశ్చాత్య బౌద్ధ సాధకులతో మాట్లాడి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. భయం, నిద్రలేమి, తను తాను కాదన్న భావన, ఇలాంటివి ఎంతమంది చెప్పుకున్నారో అందులో ఉంది. ఒకే అనుభవాన్ని ఒక గురువు పురోగతి అంటే ఇంకో గురువు జబ్బు అన్న సందర్భాల్ని కూడా వాళ్లు పట్టించుకున్నారు. జెన్‌కి ఇదేం కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దపు హకుయిన్, జపాన్ జెన్‌ని నిలబెట్టిన పెద్దమనిషి, తనకొచ్చిన 'జెన్ జబ్బు' గురించి 1757లో ఒక పుస్తకమే వేశాడు. కాళ్లు మంచులో పెట్టినట్టు, ఊపిరితిత్తులు కాలుతున్నట్టు, చెవుల్లో ఏరు హోరెత్తుతున్నట్టు. కొండల్లో ఉండే ఒక ముసలాయన దగ్గరికి వెళ్తే ఆయన చెప్పిన మందేమిటంటే, నెత్తి మీద వెన్నముద్ద ఉన్నట్టూ, అది కరిగి మెల్లగా ఒళ్లంతా దిగుతున్నట్టూ ఊహించుకోమని. ఎంత హాయైన వైద్యం! "కూర్చో, పోతుంది" అనలేదు చూడండి.

విసుద్ధిమగ్గలో ఒక కథ ఉంది. ఈ విషయం మీద నేను చదివినవాటిలో అన్నిటికంటే ఇష్టమైంది అదే. మహానాగుడనే ముసలి థేరుడు అరవై ఏళ్లుగా తను అర్హతుణ్ణనే నమ్మకంతో ఉన్నాడు. మోసం కాదు, నిజంగానే నమ్మాడు. సాధన అంత శుభ్రంగా ఉంది, కోపతాపాలు పైకి రావడం లేదు. ఆయన శిష్యుడు ధమ్మదిన్నుడికి అనుమానమొచ్చింది. వెళ్లి వినయంగా అవీ ఇవీ ప్రశ్నలడిగాడు, ఆయన టకటకా జవాబులు చెప్పాడు. "అర్హతులై ఎంతకాలమైందండీ?" "అరవై ఏళ్లు." "అయితే మీ శక్తితో ఒక ఏనుగుని సృష్టించండి." సృష్టించాడు, తెల్లటి ఏనుగు. "ఇప్పుడు అది చెవులు విప్పార్చి, తోకెత్తి, తొండం నోట్లో పెట్టుకుని, ఘీంకరిస్తూ మీ మీదికే వస్తున్నట్టు చేయండి." చేశాడు. తను చేసిన ఏనుగే. అది మీదికొస్తుంటే ముసలాయన లేచి పరిగెత్తబోయాడు. ధమ్మదిన్నుడు చెయ్యి చాచి ఆయన చీవరం అంచు పట్టుకున్నాడు. ఆస్రవాలు పోయినవాడికి బెదురెందుకండీ, అన్నాడు.

ముసలాయన ఆ క్షణంలో చేసిన పని గొప్పది. వాదించలేదు. ఇదొక పరీక్ష, ఇదొక లీల అనలేదు. శిష్యుడి ముందు కూర్చుని, నాకు సాయం చెయ్యి అన్నాడు.

అరవై ఏళ్ల మెట్టు ఒక్క ఏనుగుతో కూలిపోయింది. నాకు ముఖ్యమనిపించేది మాత్రం ఆ చీవరం అంచు. ముసలాయనకి తన మెట్టు తనకి తెలియలేదు, తెలిసే అవకాశం కూడా లేదు, ఎందుకంటే కొలిచేవాడూ కొలవబడేవాడూ ఒకరే. పక్కన ఒకడు చూస్తున్నాడు కాబట్టి తెలిసింది. వాడు చూడటంతో సరిపెట్టుకోలేదు, గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. మా స్నేహితురాలికి భయం పుట్టినప్పుడూ ఎదురుగా ఒకరున్నారు. వాళ్ల దగ్గరా మ్యాపు ఉంది, బహుశా మంచి మ్యాపే. అంచు పట్టుకున్న చెయ్యే లేదు.

*

మెట్లన్నిటినీ తగలబెట్టేస్తే పోదా అంటే, ఆ పని చేసినవాళ్లూ ఉన్నారు, పైగా ఇద్దరూ తెలుగువాళ్లే. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని దివ్యజ్ఞాన సమాజం వాళ్లు చిన్నప్పట్నించీ దీక్షల నిచ్చెన ఎక్కించారు. 1929లో హాలండ్‌లోని ఓమెన్‌లో ఆయన తన కోసం కట్టిన సంస్థనే రద్దు చేసి, సత్యానికి దారి అంటూ లేదన్నాడు. ఆ తర్వాత జీవితమంతా, క్రమంగా ఎదుగుతాను అనుకోవడమే అసలు వాయిదా అని చెప్పాడు. నాకు ఆయన మీద గౌరవముంది. కానీ నిచ్చెన మీద అంతకాలం గడిపినవాడు నిచ్చెన లేదంటే, నేల మీదున్నవాడికి అది ఇంకో రకంగా వినపడుతుంది.

రెండోవాడు యూజీ, మచిలీపట్నంలో పుట్టినవాడు, జిడ్డు కృష్ణమూర్తిని కూడా వదలకుండా తిట్టినవాడు. జ్ఞానోదయం లేదు, గురువు లేడు, సాధన శుద్ధ దండగ అన్నాడు. అదే మనిషి 1967లో స్విట్జర్లండ్‌లో, నలభై తొమ్మిదో ఏట తనకి జరిగినదాన్ని చెప్పాల్సి వచ్చినప్పుడు ఎలా చెప్పాడు? మొదటిరోజు చర్మానికి ఇలా అయింది, రెండోరోజు మనసుకి అలా అయింది అంటూ ఏడు రోజుల లెక్క చెప్పాడు. మెట్లు లేవన్నవాడి నోట్లోంచి కూడా ఏడు మెట్లు వచ్చాయి! ఇది ఆయన్ని పట్టుకుని వెక్కిరించడానికి చెప్పడం లేదు. కథ చెప్పబోతే వరస వచ్చి తీరుతుంది. ముందు, తర్వాత, ఆ తర్వాత లేకుండా మనకి చెప్పడం రాదు. అనుభవం ఆ వరసలో వచ్చిందో లేదో గాని వాక్యం మాత్రం ఆ వరసలోనే వస్తుంది. అందుకే ధ్యానంలో దశల గురించిన పుస్తకాలన్నిటినీ భూగోళం పుస్తకాల్లా కాకుండా కథన శాస్త్రం పుస్తకాల్లా చదవడం మొదలుపెట్టాను. ప్రాణం కాస్త కుదుటపడింది.

అలా చదివినప్పుడు కువోఆన్ మంచి కథకుడు. ఎనిమిది దగ్గర ఆపేసి ఉంటే పాఠకుడు నిశ్శబ్దంగా పుస్తకం మూసేవాడు, గొప్పగా ఉండేది. ఆయన ఆపలేదు. చెట్టునీ ఏటినీ తిరిగి తెచ్చాడు. ఆ తొమ్మిదో బొమ్మ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, పూలు ఎర్రగా ఉన్నాయి. తర్వాత బజారు.

పదో బొమ్మ పేరుని సుజుకి ఆనందాన్ని పంచే చేతులతో అన్నట్టు అనువదించాడు. చైనీస్‌లో ఉన్నది అంత తియ్యగా లేదు. బజార్లోకి రావడం, చేతులు కిందికి వేలాడటం, ఇంతే. చాన్ పరిభాషలో చేతులు దించడమంటే ఇంకొకరికి అందించడం, సాయపడటం అని అర్థముంది. సుజుకి దాన్నే విప్పి చెప్పాడు. కానీ విప్పగానే పోయిందొకటి ఉంది. మన ఇళ్లలో చుట్టాలింటికి ఏమీ పట్టుకెళ్లకుండా పోతే "చేతులూపుకుంటూ వచ్చాడు" అంటారు, నిష్ఠూరంగా. ఈయన అలాగే వచ్చాడు. పగ్గం లేదు, చర్నాకోల లేదు, పశువు లేదు, సాధించినదాని గుర్తు ఒక్కటీ లేదు. ఆనందం పంచుతున్నానన్న ఎరుక కూడా ఉన్నట్టు లేదు. పీఠికలో ఆయన పోయే చోట్లు కల్లు దుకాణం, చేపల అంగడి. మృగశిర కార్తెనాడు రామ్‌నగర్ చేపల మార్కెట్ చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఎవడు ఎన్నో బొమ్మలో ఉన్నాడో ఎవడికీ అక్కర్లేదు. పొలుసులు మీద పడకుండా తప్పుకోగలిగితే చాలు.

ఒక్క ఫిర్యాదు మిగిలింది. ఆరో బొమ్మలో కుర్రాడు పశువు మీద పిల్లనగ్రోవి వాయిస్తూ ఇంటికొస్తాడు, ఏడులో ఇంటి ముందు తీరిగ్గా కూర్చుంటాడు. ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఎనిమిది వందల ఏళ్లుగా ఎంతమంది గీసినా, నేను చూసిన ఏ సెట్టులోనూ లేరు. వీడు పొద్దుట్నించీ కొండలమ్మట తిరిగొచ్చాడు కదా, అన్నం ఎవరు వండారు? వీడి కోసం దీపం పెట్టి ఎదురుచూసింది ఎవరు, వాళ్ల పశువు ఎక్కడ తప్పిపోయింది? స్పెయిన్‌లో 1577లో థెరీసా అనే సన్యాసిని ఇలాంటి వరసే ఒకటి రాసింది, ఏడు వరసల గదులున్న కోటగా. మఠాలు కట్టించి, అప్పులు తీర్చి, జబ్బుపడినవాళ్లని చూసుకుంటూ రాసిందేమో, ఏడో గదికి చేరినా పనులు చెయ్యక తప్పదని పట్టుబడుతుంది. దర్శనాలు ఎన్నొచ్చాయని కాకుండా ఏం చేశావని అడుగుతుంది. కువోఆన్ కుర్రాడు ఆ పుస్తకంలో అడుగుపెడితే ముందు గిన్నెలు కడిగించేది.

మా స్నేహితురాలు ఇప్పుడు రోజుకి పావుగంట కూర్చుంటుంది, ఏ యాపూ లేకుండా, వంటింటి తలుపు తీసే ఉంచుకుని. మొన్న ఈ వ్యాసం కోసం ఆ పది బొమ్మలూ ఆమెకి చూపించి, నీకు ఏది దగ్గరగా అనిపిస్తుంది అని అడిగాను. అడిగాక నాలుక్కరుచుకున్నాను, మళ్లీ నంబరే అడిగాను కదా అని. ఆమె చాలాసేపు తిప్పి తిప్పి చూసి, రెండో బొమ్మ మీద వేలు పెట్టింది. గిట్టల జాడ ఉన్నది.

"ఇవి దానివేనా, వీడివా?" అంది. "ఇంతసేపు తిరిగాడు కదా, వీడి అడుగులు కూడా పడే ఉండాలి. అవెందుకు గీయలేదు?"

అప్పట్నించీ ఆ బొమ్మని పెద్దది చేసి చూస్తూనే ఉన్నాను. కుర్రాడి కాళ్ల వెనక నేల ఖాళీగానే ఉంది.